నిప్పు భయం చూపి విషం అమ్మారు

పసిపిల్లల పైజామాలకు విషం పట్టించి అమ్మారు. దొంగచాటుగా కాదు, చట్టం అండతోనే అమ్మారు. 1970ల మొదట్లో అమెరికా ప్రభుత్వం ఒక నిబంధన పెట్టింది. పిల్లలు రాత్రిపూట వేసుకునే బట్టలు నిప్పు తగలగానే భగ్గుమనకూడదన్నది దాని సారం. ఉద్దేశంలో తప్పు పట్టడానికి ఏమీ లేదు. దాన్ని అమలు చేసిన తీరే ఘోరం. బట్టల కంపెనీలు ట్రిస్ అనే బ్రోమిన్ రసాయనాన్ని పైజామాలకు పట్టించాయి. కొన్ని బట్టల బరువులో నూటికి అయిదు పాళ్లు ఆ రసాయనమే. కోట్ల మంది పిల్లలు దాన్ని ఒంటికి చుట్టుకుని నిద్రపోయారు, పైజామా అంచుల్ని నోట్లో పెట్టుకుని చప్పరించారు. అది పిల్లలకు మంచిదో కాదో ముందుగా పరీక్షించమని ఏ చట్టమూ అడగలేదు.

1977 జనవరిలో ఆర్లీన్ బ్లమ్, బ్రూస్ ఏమ్స్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 'సైన్స్' పత్రికలో ఆ ప్రశ్న వేశారు. ట్రిస్ జన్యుపదార్థాన్ని దెబ్బతీస్తోందని, అది కేన్సర్ తెచ్చే అవకాశం ఉందని హెచ్చరించారు. ఏప్రిల్‌లో ప్రభుత్వం ఆ పైజామాలను నిషేధించింది. మరుసటి ఏడాది ఇంకో ఫలితం బయటపడింది. ఆ బట్టలు వేసుకున్న పిల్లల మూత్రంలో ట్రిస్ విరిగి తయారైన పదార్థం కనిపించింది. అంటే విషం బట్టమీదే ఆగలేదు, చర్మం దాటి లోపలికి వెళ్లింది. మరి అమ్ముడుపోకుండా మిగిలిన పైజామాలు ఏమయ్యాయి? వ్యాపారులు వాటిని ఓడలెక్కించి పరాయి దేశాలకు పంపసాగారు. తమ పిల్లలకు పనికిరావని తేలిన బట్టలు ఎవరి పిల్లలకో పనికొస్తాయని వాళ్ల లెక్క. 1978లో ప్రభుత్వం అడ్డుపడ్డాక గానీ ఆ ఎగుమతి ఆగలేదు.

బ్రోమిన్ ట్రిస్ పోయింది. దాని స్థానంలో క్లోరిన్ ట్రిస్ వచ్చింది. 1978లోనే అదే శాస్త్రవేత్తల బృందం అదీ జన్యుపదార్థాన్ని దెబ్బతీసేదేనని చూపించింది. కంపెనీలు పైజామాల్లో దాన్ని వాడటం మానేశాయి. కానీ ఎవరూ దాన్ని నిషేధించలేదు. పైజామాల్లోంచి తప్పుకున్న రసాయనం సోఫాల్లోకి, పిల్లల పరుపుల్లోకి, కారు సీట్లలోకి చేరింది. 2011లో అమెరికా శాస్త్రవేత్తలు ఫోమ్ ఉన్న 101 పసిపిల్లల వస్తువులను పరీక్షిస్తే, నూటికి 80 వస్తువుల్లో మంటలను అడ్డుకునే రసాయనాలు కనిపించాయి. మూడో వంతుకు పైగా వస్తువుల్లో ఉన్నది ఈ క్లోరిన్ ట్రిస్సే. అదే ఏడాది కాలిఫోర్నియా రాష్ట్రం దాన్ని కేన్సర్ కారకాల జాబితాలో చేర్చింది. అనుమానం 1978లో పుట్టింది, ముద్ర 2011లో పడింది. ఈ మధ్యలో పుట్టి పెరిగిన పిల్లలకు సమాధానం చెప్పేవాడెవడు?

నేను చెప్పదలుచుకున్నది ఒక్కటే. ఫ్లేమ్ రిటార్డెంట్లు అని పిలిచే ఈ రసాయనాలను ఒక్కొక్కటిగా పట్టుకుని, ఒక్కొక్కదాని మీద ఇరవై ఏళ్లు పరిశోధన చేసి, ఒక్కొక్కటిగా నిషేధించే పద్ధతి ప్రజారోగ్యం కాదు. అది కంపెనీలకు ఇచ్చే గడువు. బ్రోమిన్, క్లోరిన్ కలిసిన ఈ రసాయనాలను గుంపులు గుంపులుగా ఇంటి వస్తువుల్లోంచి తీసేయాలి. ఇవి హానికరమని నిరూపించే బాధ్యత జనం మీద కాదు, హాని లేదని నిరూపించే బాధ్యత అమ్మేవాడి మీద ఉండాలి.

ఈ విషాల చరిత్ర తెలిసిన వాళ్లెవరూ ఇది అతిశయోక్తి అనలేరు. 1973లో మిషిగన్ రాష్ట్రంలో ఏం జరిగింది? ఒకే కంపెనీ రెండు సరుకులు తయారుచేసేది. ఒకటి ఆవుల దాణాలో కలిపే మెగ్నీషియం ఆక్సైడ్, దాని పేరు న్యూట్రిమాస్టర్. రెండోది ప్లాస్టిక్‌లో కలిపే పీబీబీ అనే ఫ్లేమ్ రిటార్డెంట్, దాని పేరు ఫైర్‌మాస్టర్. సంచులు తారుమారయ్యాయి. ప్లాస్టిక్ కోసం చేసిన విషం దాణాలో కలిసి రాష్ట్రమంతటా ఆవుల కడుపుల్లోకి వెళ్లింది. పాలు తగ్గాయి, గిట్టలు వంకర్లు తిరిగాయి, దూడలు చచ్చిపోయాయి. కారణం తేలేసరికి నెలలు గడిచాయి. ఈలోగా ఆ పాలు, మాంసం, గుడ్లు జనం తిన్నారు. దాదాపు 30 వేల పశువుల్ని, 15 లక్షల కోళ్లను చంపి గోతుల్లో పూడ్చారు. ఆ జనం రక్తంలో పీబీబీ దశాబ్దాల తర్వాత కూడా కనిపిస్తూనే ఉంది, ఆ తల్లులకు పుట్టిన పిల్లల ఆరోగ్యాన్ని ఈనాటికీ పరిశోధకులు గమనిస్తూనే ఉన్నారు. ఇంత జరిగాక పీబీబీ మార్కెట్లోంచి తప్పుకుంది. ఆ ఖాళీలోకి వచ్చి కూర్చున్నది పీబీడీఈ. పేరులో రెండక్షరాలు మారాయి. అణువులో రెండు వలయాల మధ్య ఒక ఆక్సిజన్ చేరింది. అంతే తేడా.

పీబీడీఈలను అమెరికా ఇళ్లలోకి తెచ్చింది కాలిఫోర్నియా రూలు. టెక్నికల్ బులెటిన్ 117 అనే ఈ నిబంధన 1975లో వచ్చింది. సోఫా లోపలి ఫోమ్‌కు చిన్న మంట 12 సెకన్లు తగిలించినా అంటుకోకూడదంది. ఫోమ్ పెట్రోలియం సరుకు, అది అంటుకోకుండా ఉండదు. కాబట్టి కంపెనీలు దానికి పీబీడీఈలు కలిపాయి. ఒక్క కాలిఫోర్నియాకే వేరే సోఫాలు చేయడం ఖర్చని దేశమంతటా అదే ఫోమ్ అమ్మాయి. 1990ల నుంచి సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలకు వెళ్లి శాన్ హోసే, ఫ్రీమాంట్, సన్నీవేల్‌లలో స్థిరపడ్డ వేలాది తెలుగు కుటుంబాలు కొన్నవీ ఆ సోఫాలే. ఆ ఫోమ్ పక్కనే వాళ్ల పిల్లలు పాకడం నేర్చుకున్నారు.

ఆ రూలు వెనుక ఎవరున్నారో 2012లో షికాగో ట్రిబ్యూన్ పత్రిక వరుస కథనాలతో బయటపెట్టింది. ఇళ్లలో మంటలు పుట్టి జనం చావడానికి ముఖ్య కారణం కాలుతూ జారిపడే సిగరెట్లు. వాటంతటవే ఆరిపోయే సిగరెట్ తయారుచేయమని ఒత్తిడి పెరిగింది. పొగాకు కంపెనీలు ఆ ఒత్తిడిని తెలివిగా సోఫాల మీదికి మళ్లించాయి. సిగరెట్ మారకూడదు, సోఫా మారాలి అన్నది వాళ్ల ఎత్తుగడ. తర్వాత రసాయన కంపెనీలు రంగంలోకి దిగాయి. ఆల్బమార్ల్, కెమ్‌ట్యూరా, ఐసీఎల్ అనే మూడు పెద్ద కంపెనీల డబ్బుతో 'సిటిజన్స్ ఫర్ ఫైర్ సేఫ్టీ' అనే సంఘం నడిచింది. పేరుకి పౌరులు, లోపల ముగ్గురు వ్యాపారులు. ఆ సంఘం తరఫున డేవిడ్ హైంబాక్ అనే పేరున్న కాలిన గాయాల వైద్యుడు కాలిఫోర్నియా శాసనసభ్యుల ముందు నిలబడి, ఫ్లేమ్ రిటార్డెంట్ లేని దిండు అంటుకుని కాలిపోయిన పసిబిడ్డ కథ చెప్పాడు. కన్నీళ్లు తెప్పించే కథ. ట్రిబ్యూన్ విలేకరులు వెతికితే అలాంటి బిడ్డే లేదు. అడిగితే తాను ప్రమాణం చేసి చెప్పలేదని సమర్థించుకున్నాడు. లేని బిడ్డ చావును అడ్డం పెట్టి ఉన్న పిల్లల ఒంట్లో విషం నింపే చట్టాన్ని కాపాడారు. ఇంతకు మించిన నీచం నా ఊహకు అందదు.

ఇక ఈ రసాయనాలు చేసే పని చూడండి. వాటిని ఫోమ్‌లో, ప్లాస్టిక్‌లో కలుపుతారే గానీ చాలా రకాలు ఆ పదార్థంతో రసాయనికంగా అతుక్కోవు. మనం కూర్చున్నప్పుడల్లా, టీవీ వేడెక్కినప్పుడల్లా కొంచెం కొంచెంగా బయటికొస్తాయి. వచ్చి దుమ్ములో చేరతాయి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. రంగూ వాసనా లేకుండా గచ్చు మీద పరుచుకున్న ఈ దొంగను తల్లిదండ్రులు ఎలా పట్టుకుంటారు? పసివాడు నేలమీద పాకుతాడు, చేయి నోట్లో పెట్టుకుంటాడు. 2008లో అమెరికాలో 20 కుటుంబాల రక్తాన్ని పరీక్షిస్తే, పిల్లల రక్తంలో పీబీడీఈలు తల్లుల కంటే దాదాపు మూడు రెట్లు ఎక్కువ ఉన్నాయి. ఒళ్లు నాక్కునే పెంపుడు పిల్లుల్లోనూ అంతే. అమెరికాలో పిల్లులకు థైరాయిడ్ జబ్బు ఎందుకు పెరిగిందని వెతికిన శాస్త్రవేత్తలు వాటి రక్తంలో ఇవే గుట్టలుగా ఉండటం గమనించారు. పీబీడీఈ అణువు ఆకారం మన థైరాయిడ్ హార్మోన్‌ను పోలి ఉంటుంది. అక్కడ అయోడిన్ ఉండే చోట ఇక్కడ బ్రోమిన్ ఉంటుంది. శరీరం మోసపోతుంది.

కొవ్వులో కరుగుతుంది కాబట్టి తల్లిపాలలోకీ వెళుతుంది. స్వీడన్‌లో దాచి ఉంచిన తల్లిపాల నమూనాలను పరీక్షించారు. 1972 నుంచి 1997 దాకా పీబీడీఈలు ప్రతి అయిదేళ్లకోసారి రెట్టింపయ్యాయి. బిడ్డ నోటికి అందే మొదటి గుక్కలోకే దారి చేసుకున్న సరుకు ఇది.

కేన్సర్ సంగతి నిజాయితీగా చెప్పుకుందాం. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన కేన్సర్ పరిశోధన సంస్థ పీబీబీలను, బ్రోమిన్ ట్రిస్‌ను, సర్క్యూట్ బోర్డుల్లో వాడే టీబీబీపీఏను మనుషులకు కేన్సర్ కలిగించే అవకాశం బలంగా ఉన్నవాటి జాబితాలో పెట్టింది. అగ్నిమాపక సిబ్బంది ఉద్యోగాన్నే 2022లో కేన్సర్ కారకంగా ప్రకటించింది. వాళ్లు పీల్చే పొగలో ఈ రసాయనాలకూ వాటా ఉంది. డ్యూక్ యూనివర్సిటీ పరిశోధకులు థైరాయిడ్ కేన్సర్ వచ్చిన 70 మంది ఇళ్లలో దుమ్మును, ఆ జబ్బు లేని 70 మంది ఇళ్ల దుమ్ముతో పోల్చారు. డెకా అనే పీబీడీఈ ఎక్కువున్న ఇళ్లవాళ్లకు ఆ కేన్సర్ ఉండే అవకాశం రెట్టింపుకు మించి కనిపించింది. 2024 ఏప్రిల్‌లో అమెరికా వైద్య సంఘం పత్రికలో ఇంకో అధ్యయనం వచ్చింది. 2003, 2004లలో రక్తం ఇచ్చిన సుమారు 1100 మందిని 2019 దాకా గమనించారు. పీబీడీఈలు ఎక్కువగా ఉన్నవాళ్లకు, తక్కువగా ఉన్నవాళ్లతో పోలిస్తే, కేన్సర్‌తో చనిపోయే ముప్పు దాదాపు నాలుగు రెట్లు.

ఇవి సంబంధాన్ని చూపుతాయి గానీ కారణాన్ని నిరూపించవని కంపెనీల తరఫువాళ్లు అంటారు. శాస్త్రం లెక్కన ఆ మాట తప్పు కాదు. చిన్న అధ్యయనాల లెక్కల్లో ఊగిసలాట ఎక్కువేనని నాకూ తెలుసు. కానీ తిరుగులేని రుజువు కావాలంటే ఏం చేయాలి? కొందరు పిల్లలకు కావాలని ఈ విషం పెట్టి, కొందరికి పెట్టకుండా, అరవై ఏళ్లు ఎదురుచూడాలి. అలాంటి ప్రయోగం ఏ మనిషీ చేయడు. అది తెలిసే ఆ రుజువు అడుగుతున్నారు. జంతువుల్లో కణితులు కనిపించాయి, కణాల్లో జన్యువులు దెబ్బతిన్నాయి, మనుషుల్లో లెక్కలు అటే మొగ్గుతున్నాయి. మూడు దారులూ ఒక్క ఊరికే చేరుతుంటే, ఆ ఊరు లేదని వాదించేవాడికి వేరే లాభం ఏదో ఉందని అర్థం.

ఈ పరిశోధనల్లో పొరపాట్లు లేవని కాదు. 2024లో నల్ల ప్లాస్టిక్ గరిటెల అధ్యయనంలో పొరపాటు జరిగింది. పాత టీవీల ప్లాస్టిక్ కరిగించి చేసిన వంటింటి సామాన్లలో ఫ్లేమ్ రిటార్డెంట్లున్నాయని అది చెప్పింది. రోజువారీ పరిమితి లెక్క కట్టేటప్పుడు ఒక సున్నా తప్పింది. దాంతో ప్రమాదం పది రెట్లు ఎక్కువగా కనిపించింది. పరిశోధకులు ఒప్పుకుని సరిదిద్దారు. వెంటనే ఇదంతా ఉత్త భయమేనని కొందరు గంతులు వేశారు. సున్నా తప్పింది నిజమే. గరిటెలో విషం ఉండటం కూడా నిజమే. అన్నం కలిపే గరిటెలో టీవీ డబ్బా రసాయనం ఎంత ఉంటే ఫర్వాలేదు అన్నది అసలు అడగాల్సిన ప్రశ్నేనా? అది అక్కడికి ఎందుకొచ్చింది అని అడగాలి.

ఫ్లేమ్ రిటార్డెంట్ల వల్ల ప్రాణాలు నిలిచాయి కదా అన్నది కంపెనీల ఆఖరి వాదన. నిలవలేదు. వాళ్లు ఊరూరా చూపించిన పాత ప్రభుత్వ ప్రయోగాన్ని నడిపిన శాస్త్రవేత్త వైటేనిస్ బాబ్రౌస్కాస్ స్వయంగా, కంపెనీలు తన ఫలితాలను వక్రీకరించాయని చెప్పాడు. ఆ ప్రయోగంలో వాడినంత మోతాదు మామూలు సోఫాల్లో ఉండనే ఉండదు. పైగా మంటల్లో ఎక్కువమందిని చంపేది పొగ. బ్రోమిన్, క్లోరిన్ కలిసిన ఫోమ్ కాలితే కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోజన్ సైనైడ్ ఇంకా ఎక్కువ పుడతాయి. 2018లో బ్రిటన్ సోఫాల మీద జరిగిన పరిశోధన ఇదే తేల్చింది. ఈ రసాయనాలు మంటను తగ్గించినదాని కంటే పొగను విషపూరితం చేసిందే ఎక్కువ. 2023 మార్చిలో సికింద్రాబాద్ స్వప్నలోక్ కాంప్లెక్స్‌లో ఆరుగురు యువతీయువకులు పొగకు ఊపిరాడకనే పోయారు. అంతకు ఆర్నెల్ల ముందు అదే ఊళ్లో రూబీ లాడ్జిలో ఎనిమిదిమంది చనిపోయినప్పుడూ పొగే మెట్లదారిని మూసేసింది. ఆ ప్రాణాలను కాపాడగలిగేవి తెరిచి ఉన్న మెట్లదారి, మోగే అలారం, పనిచేసే నీటి స్ప్రింక్లర్. సోఫాకు పట్టించే బ్రోమిన్ కాదు.

మన దేశం సంగతి చూద్దాం. ఏళ్ల తరబడి నిలిచి ఉండే విషరసాయనాలను అరికట్టే స్టాక్‌హోమ్ ఒప్పందంలో మనం ఉన్నాం. 2018లో తెచ్చిన నియమాల్లో ఏడు రకాల రసాయనాలను నిషేధించారు. వాటిలో కొన్ని పాత పీబీడీఈలు, హెచ్‌బీసీడీ అనే మరో ఫ్లేమ్ రిటార్డెంట్ ఉన్నాయి. మంచిదే. కానీ డెకా ఆ జాబితాలో లేదు. దాన్ని ప్రపంచం 2017లోనే నిషేధానికి ఎంచింది. ఈ-వ్యర్థాల నియమాల కింద కొత్త టీవీలో, ఫోన్‌లో పీబీడీఈలు వెయ్యిలో ఒక పాలు దాటకూడదు. ఆ నియమం విద్యుత్ పరికరాలకే. అదే టీవీ పాతబడి, కరిగి, దువ్వెనగా, బొమ్మగా, బకెట్‌గా పుట్టినప్పుడు దాన్ని ఆ నియమం పట్టించుకోదు.

ఆ పునర్జన్మ జరిగే చోటికి వెళ్లి చూడండి. ఢిల్లీ సీలంపూర్‌లో, దాని చుట్టుపక్కల ప్లాస్టిక్ వేరుచేసే కుర్రాడి దగ్గర ఏ యంత్రమూ ఉండదు. పాత కంప్యూటర్ డబ్బా ముక్క తీసుకుంటాడు, మూలకు లైటర్ అంటిస్తాడు, మంట ఆర్పి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూస్తాడు. ఆ వాసనను బట్టి ఇది ఏ రకం ప్లాస్టిక్కో తేల్చి ఓ కుప్పలోకి విసిరేస్తాడు. రోజుకు వందలసార్లు. బ్రోమిన్ ప్లాస్టిక్ అలా అరకొరగా కాలితే బ్రోమిన్ డయాక్సిన్లు పుడతాయి. అమెరికా, ఐరోపా బడాయిగా మానుకున్న విషాల ఆఖరి మజిలీ ఆ కుర్రాడి ఊపిరితిత్తులు. మన హైదరాబాద్‌లో పాత సోఫాలకు కొత్త బట్ట వేసే షెడ్డులో ఒకసారి చూశాను. పనివాడు పాత ఫోమ్‌ను చేతులతో పీకుతున్నాడు. అది పసుపు పొడిగా రాలి అతని మోచేతుల దాకా, పక్కనే తెరిచిపెట్టిన అన్నం డబ్బా మీది దాకా పడింది. ఆ పొడిలో ఏముందో అతనికి చెప్పే చీటీ ఆ సోఫాకు ఎక్కడా లేదు. యజమానికీ తెలియదు, కొన్నవాడికీ తెలియదు.

చట్టానికి బలముందనడానికి రుజువులు కాలిఫోర్నియాలోనే ఉన్నాయి. పీబీడీఈల నిషేధం తర్వాత శాన్‌ఫ్రాన్సిస్కో గర్భిణుల రక్తంలో అవి మూడేళ్లలో దాదాపు మూడింట రెండు వంతులు తగ్గాయి. బులెటిన్ 117ను 2013లో మార్చి, సిగరెట్ నిప్పును పై బట్టే ఆపేలా చేస్తే చాలని తేల్చారు. దానికి రసాయనం అక్కర్లేదు. 2015 నుంచి అక్కడ అమ్మే ప్రతి సోఫా దిండు కింది చీటీలో ఫ్లేమ్ రిటార్డెంట్లు కలిపారో లేదో గడి నింపి చెప్పాలి. అక్కడున్న తెలుగువాళ్లు దిండు తిప్పి ఆ గడి చూసుకోండి. 2020 నుంచి పిల్లల సామాన్లలో, పరుపుల్లో, సోఫాల్లో వీటిని వాడటమే మానిపించారు. ఐరోపా 2021 నుంచి టీవీల, మానిటర్ల డబ్బాల్లో బ్రోమిన్, క్లోరిన్ ఫ్లేమ్ రిటార్డెంట్ల కుటుంబం మొత్తాన్ని నిషేధించింది. ఒక్కొక్క పేరు కాదు, కుటుంబం మొత్తం. టీవీలు ఆగిపోలేదు, ఇళ్లు తగలబడిపోలేదు.

కాబట్టి మన ప్రభుత్వాన్ని అడగాల్సినవి స్పష్టంగానే ఉన్నాయి. డెకాను నిషేధిత జాబితాలో చేర్చండి. ఆ జాబితాను పేరు పేరునా పెంచడం ఆపి, ఇంటి వస్తువుల్లో బ్రోమిన్, క్లోరిన్ ఫ్లేమ్ రిటార్డెంట్లను గుంపులుగా తీసేయండి. సోఫాకు, పరుపుకు, పిల్లల సీటుకు ఏం కలిపారో తెలుగులో, హిందీలో చదవగలిగేలా చీటీ కుట్టించండి. రీసైకిల్ ప్లాస్టిక్‌తో చేసిన బొమ్మల్ని, గరిటెల్ని బ్రోమిన్ కోసం పరీక్షించాకే బజారులోకి వదలండి. ప్లాస్టిక్ వేరుచేసే కుర్రాడి చేతిలోంచి లైటర్ తీసుకుని, బ్రోమిన్‌ను పట్టే పరికరం, ముక్కుకు కవచం, నెలజీతం ఇవ్వండి. కొత్తగా ఫర్నిచర్ ప్రమాణాలు రాస్తున్న ప్రతి అధికారీ రాసేముందు కాలిఫోర్నియా చేసిన తప్పును చదవాలి. మంట పరీక్ష రాసి, ఏ మందు కలిపి దాన్ని పాసవుతున్నారో అడగకపోతే, అదే తప్పును 50 ఏళ్ల తర్వాత మన పిల్లల మీద మళ్లీ చేసినట్టే.

అమ్మేవాడు ముందు నిరూపించాలి, తర్వాతే అమ్మాలి. మందుబిళ్లకు ఈ నియమం ఉంది. బిళ్ల మింగాలా వద్దా అని మనం నిర్ణయించుకోగలం. ఇంట్లో దుమ్ము పీల్చాలా వద్దా అని నిర్ణయించుకోలేం. ఎంచుకునే వీలున్న చోట రుజువు అడిగి, తప్పించుకునే వీలు లేని చోట అడగకపోవడాన్ని నేను అజాగ్రత్త అనను, నేరం అంటాను. ఆ నేరానికి గడువు పెంచుతూ పోయే ప్రతి ఉత్తర్వునూ, ప్రతి సంతకాన్నీ మనం నిలదీయాల్సిందే.